గాలి త్రాగిన పెట్రోలు

మన భాషలో గాలి తేలికదనానికి గుర్తు. గాలిమాటలు, గాలికబుర్లు, గాలికి వదిలివేయడం అనే పలుకుబళ్లన్నీ లెక్కలోకి రాని వాటిని గురించి పుట్టినవే. ఉర్దూ నుండి మనకు వచ్చిన 'హవా' అనే మాట మాత్రం తెలుగులో వేరొక అర్థాన్ని సంపాదించుకొన్నది. "ఈ ఊళ్లో ఆయన హవా నడుస్తున్నది" అంటే ఆయన బలం నడుస్తున్నదని అర్థం. భాషను బోధించే మేము ఈ రెండు ప్రయోగాలను చాలాకాలంగా తరగతిలో చెబుతూ వచ్చాము. వీటిలో రెండవదే శాస్త్రానికి దగ్గరగా ఉన్నదని తెలుసుకొనడానికి మాత్రం కళాశాల కారు లాగ్ బుక్కు అవసరమయింది.

తెలుగు ఉపన్యాసకులు భౌతికశాస్త్ర విషయం వ్రాయడమేమిటని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. ఇందులోని లెక్కలను మా భౌతికశాస్త్ర ఉపన్యాసకులు సరిచూచినారు. తప్పు మాది, ఆ తప్పును దిద్దిన శాస్త్రం వారిది. అందుచేత ఈ వ్యాసం వ్రాసే బాధ్యత మామీదనే పడినది.

జరిగిన సంగతి

కర్నూలు నుండి అనంతపురానికి జాతీయ రహదారి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి మీదుగా దారి దక్షిణానికి, కొంచెం పడమరగా సాగుతుంది. గడచిన ఆషాఢమాసంలో ఒక విజ్ఞాన ప్రదర్శనకు మా విద్యార్థులిద్దరు తమ నమూనాలతో కళాశాల కారులో అనంతపురం వెళ్లినారు. నమూనాల పెట్టెలను కారుపై క్యారియర్‌కు కట్టి, వాన భయంతో పైన టార్పాలిన్ కప్పినారు. ప్రదర్శన వారం రోజులు కావడంతో విద్యార్థులను, పెట్టెలను అక్కడ దింపి డ్రైవరు ఒక్కడే అదే రోజు తిరిగి వచ్చినాడు.

కారు ఖర్చుల లెక్క చూచే పని ఆ సంవత్సరం మాకు అప్పగించబడింది. కర్నూలులో ట్యాంకు నింపి బయలుదేరడం, అనంతపురంలో మళ్లీ నింపడం, తిరిగి వచ్చిన తరువాత మరల నింపడం అనే పద్ధతి మేము పెట్టినదే. రసీదులు చూచినాము. పోవడానికి 12 లీటర్లు, రావడానికి 8 లీటర్లు. దారి ఒకటే, బండి ఒకటే, నడిపినవాడొకడే, రోజు కూడా ఒకటే. మరి ఆ నాలుగు లీటర్లు ఎక్కడికి పోయినట్లు? నాలుగు వందల రూపాయలకు పైబడిన కళాశాల సొమ్ము. మేము లాగ్ బుక్కులో ఆ పద్దు ఎదుట ఎఱ్ఱసిరాతో ప్రశ్నార్థకం వేసి డ్రైవరును పిలిపించినాము.

అతడు మాకంటె వయసులో పెద్దవాడు. మేము అన్నా అనే పిలుస్తాము. పుస్తకం చూచి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "పొయ్యేటప్పుడు ఎదురుగాలి సార్. బండి ముందుకు పోనంటాండె. గాలి తాగిన పెట్రోలుకు రసీదు యాడ్నుంచి తెచ్చేది?" అన్నాడు. మేము దానిని సమాధానంగా గ్రహించలేదు. సాకుగా గ్రహించినాము. గాలికి నాలుగు లీటర్లా అని నవ్వినాము కూడా.

ఆ నవ్వు ఎంత అజ్ఞానంతో కూడినదో తెలియాలంటే గాలిని గురించి నాలుగు మాటలు తెలుసుకొనాలి.

గాలి బరువు

ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగుతుంది. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల తరగతి గదిలోని గాలి బరువు సుమారు 380 కిలోలు. అంటే దాదాపు నాలుగు క్వింటాళ్లు. ఇప్పుడు ఎదుటి నుండి చూస్తే రెండు చదరపు మీటర్లకు కొంచెం పైబడిన వైశాల్యం గల కారును తీసుకొందాము. అది ఒక కిలోమీటరు దూరం పోయేసరికి తన దారికి అడ్డుగా ఉన్న సుమారు రెండున్నర టన్నుల గాలిని పక్కకు నెట్టుకొని పోవాలి. ఇక 150 కిలోమీటర్లు పోయేసరికి ఆ గాలి బరువు 370 టన్నులు దాటుతుంది. ఆ పని చేసేది ఇంజను, దానికి తిండి పెట్రోలు.

సమతలమైన దారిలో నిలకడగా పోయే కారును వెనుకకు లాగే శక్తులు ముఖ్యంగా రెండు. ఒకటి, చక్రాలు దొర్లేటప్పుడు టైరు నొక్కుకొని మళ్లీ లేవడం వలన కలిగే దొర్లుడు నిరోధం. ఇది బండి బరువును బట్టి ఉంటుంది. వేగంతో అంతగా మారదు. రెండవది వాయునిరోధం. ఇది గాలి సాంద్రత, కారు ఎదురు వైశాల్యం, ఆకారాన్ని బట్టి ఏర్పడే నిరోధక గుణకం, వేగం అనే నాలుగింటిపై ఆధారపడుతుంది. మొదటి మూడింటితో ఇది సరిసమానంగా పెరుగుతుంది. వేగంతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు.

ఎందుకు నాలుగింతలు? వేగం రెట్టింపైనప్పుడు ప్రతి సెకనుకు కారుకు ఎదురయ్యే గాలి పరిమాణం రెట్టింపు అవుతుంది. ఆ గాలిలో ప్రతి భాగాన్ని ఢీకొనే వేగం కూడా రెట్టింపు. రెండు రెట్టింపులు కలిసి నాలుగింతలు. కొందరు విద్యార్థులు ఎనిమిదింతలు అని వాదిస్తారు. ఇంజను ప్రతి సెకనుకు చూపవలసిన సామర్థ్యం విషయంలో అది నిజమే. కాని వేగం రెట్టింపైతే కిలోమీటరు దాటడానికి పట్టే కాలం సగమవుతుంది గదా! కనుక కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి నాలుగింతలే.

అంకెలలో చూస్తే

1250 కిలోల బరువు, 2.1 చదరపు మీటర్ల ఎదురు వైశాల్యం, 0.33 నిరోధక గుణకం గల సామాన్యమైన కారును ఉదాహరణగా తీసుకొందాము. దాని దొర్లుడు నిరోధం సుమారు 120 న్యూటన్లు. గాలి కదలని రోజున 60 కిలోమీటర్ల వేగంలో వాయునిరోధం సుమారు 115 న్యూటన్లు. అనగా ఆ వేగంలో నేల, గాలి ఇంచుమించు సమానంగా అడ్డుపడుతున్నవి. వేగం 80 అయితే వాయునిరోధం 205, నూరు అయితే 320, నూట ఇరవై అయితే 460 న్యూటన్లు. పట్టణపు వీధులలో లెక్కకు రాని గాలి రహదారిపై అసలు ప్రత్యర్థిగా నిలుస్తున్నది.

పై లెక్కలన్నీ గాలి కదలని రోజుకు చెప్పినవి. గాలి వీచేటప్పుడు మనం గమనించవలసినది కారుకు నేలపై ఉన్న వేగం కాదు. గాలితో పోల్చినప్పుడు ఉన్న వేగం. 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలి సంబంధంగా దాని వేగం నూరు. స్పీడోమీటరు 80 దగ్గరే నిలిచి ఉంటుంది. కాని ఇంజనుకు నూరు కిలోమీటర్ల వేగపు వాయునిరోధమే ఎదురవుతుంది. మొత్తం నిరోధం 325 న్యూటన్ల నుండి 440కి పెరుగుతుంది. అదే గాలి వెనుక నుండి వీస్తే వాయునిరోధం 60 కిలోమీటర్ల వేగానికి తగినంత మాత్రమే. మొత్తం 235 న్యూటన్లు.

ఇక్కడ మరొక విశేషం కలదు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి అయితే లెక్క సరిపోతుందని చాలామంది భావిస్తారు. సరిపోదు. పై ఉదాహరణలో పోయేటప్పుడు అదనంగా పడిన భారం 115 న్యూటన్లు, వచ్చేటప్పుడు తగ్గిన భారం 90 మాత్రమే. ఎదురుగాలి తీసుకొన్నంత వెనుకగాలి తిరిగి ఇవ్వదు. నిరోధం వర్గంగా పెరగడమే దీనికి కారణం. గాలి పక్క నుండి వీచినా నష్టమే. అప్పుడు గాలి కారును ఏటవాలుగా తాకుతుంది. ముందు నుండి వచ్చే గాలికి తగినట్లు తీర్చిన ఆకారం పక్క నుండి వచ్చే గాలికి అంతగా పనికిరాదు.

వాతావరణ కేంద్రాలవారు గాలి వేగాన్ని సాధారణంగా పది మీటర్ల ఎత్తున కొలుస్తారు. నేలకు దగ్గరగా, కారు ఎత్తున, ఆ వేగం కొంత తగ్గి ఉంటుంది. కావున పత్రికలో చూచిన గాలి వేగాన్ని ఉన్నదున్నట్లు మన లెక్కలో వేసుకొనరాదు.

ఆకారం మాట

నిరోధక గుణకం అనేది ఆకారం యొక్క మంచిచెడ్డలకు అంకె. గాలికి ఎదురుగా నిలువునా పెట్టిన పలకకు ఇది ఒకటికి పైగా ఉంటుంది. నీటిబొట్టు వలె వెనుక సన్నగా తీరిన ఆకారానికి 0.04 వరకు తగ్గుతుంది. చూచేవారికి ముందుభాగమే ముఖ్యమని తోస్తుంది గాని, వెనుకభాగం కూడా అంతే ముఖ్యం. గాలి శరీరాన్ని అంటిపెట్టుకొని జారిపోక మధ్యలో విడిపోతే వెనుక సుడులు ఏర్పడి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనమే బండిని వెనుకకు ఈడుస్తుంది.

ఈ సంగతిని ప్రయోగంతో పరిశీలించినవారిలో పారిస్ గోపురాన్ని కట్టించిన గుస్టావ్ ఐఫెల్ ఒకరు. ఆయన తన గోపురం మీదనుండి రకరకాల ఆకారాలను జారవిడిచి వాయునిరోధాన్ని కొలిచి, 1909లో గాలిసొరంగం నిర్మించినాడు. 1934లో చెకొస్లొవేకియాలో టాట్రా 77, అమెరికాలో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో అనే కార్లు గాలికి తగిన ఆకారంతో వచ్చినవి. 1973 నాటి చమురు సంక్షోభం ఈ శాస్త్రాన్ని ప్రయోగశాల నుండి రోడ్డుమీదకు తెచ్చింది. 1974 జనవరిలో అమెరికా ప్రభుత్వం దేశమంతటా గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేసింది. 1995 వరకు ఆ శాసనం ఏదో ఒక రూపంలో కొనసాగినది. 1982లో వచ్చిన ఆడి 100 కారు 0.30 గుణకాన్ని సాధించి పేరు పొందింది. 2021లో వచ్చిన ఒక విద్యుత్ కారు, మెర్సిడెస్ ఇ.క్యూ.ఎస్., 0.20 దాకా తగ్గించగలిగింది.

ఇంతమంది ఇంజనీర్లు ఎన్నో ఏళ్లు శ్రమించి ఆకారాన్ని ఇంత నునుపు చేస్తే, మేము దానిమీద పెట్టెలు కట్టి టార్పాలిన్ కప్పి ఆ శ్రమనంతా వృథా చేసినాము. పైకప్పుపై పెట్టే పెద్ద, మొద్దుబారిన పెట్టె వలన రహదారిపై మైలేజి 6 నుండి 17 శాతం, ఇంకా ఎక్కువ వేగంలో 10 నుండి 25 శాతం వరకు పడిపోవచ్చునని అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం ప్రకటించిన అంచనా. కొట్టుకొనే టార్పాలిన్ అంచుల సంగతి చెప్పనక్కరలేదు.

నాలుగు లీటర్ల లెక్క

ఇప్పుడు మా పద్దుకు వద్దాము. ఆషాఢంలో రాయలసీమ మీద నైరుతి, పడమటి గాలులు బలంగా వీస్తాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినది ఊరకే కాదు. కర్నూలు నుండి అనంతపురం పోయేవారికి ఈ గాలి ఎదురుగాను, కొంత పక్కగాను తగులుతుంది. వచ్చేవారిని వెనుకనుండి నెడుతుంది.

మా భౌతికశాస్త్ర ఉపన్యాసకులు కాగితం తీసుకొని లెక్క వేసినారు. వేగం 80, ఎదురుగాలి 20 అనుకొంటే వాయునిరోధం 320 న్యూటన్లు. క్యారియర్ మీది సామాను దానిని నాలుగవ వంతు పెంచిందనుకొంటే 400. దొర్లుడు నిరోధం కలిపితే 520. తిరిగి వచ్చేటప్పుడు వెనుకగాలి. ఖాళీ క్యారియర్‌కు కొంత కలిపినా మొత్తం 250 న్యూటన్లకు అటు ఇటు. పోయేటప్పుడు ఇంజను చేసిన పని వచ్చేటప్పటి పనికి రెండింతలన్నమాట.

అయితే పెట్రోలు రెండింతలు కాక ఒకటిన్నర రెట్లే ఎందుకయిందని మేము అడిగినాము. ఇంజను తన లోపలి రాపిడిని జయించడానికి, తన్ను తాను త్రిప్పుకొనడానికి కొంత ఇంధనం ఎట్లాగూ ఖర్చు చేస్తుంది. బండి బరువుగా లాగినా తేలికగా లాగినా ఆ భాగం పెద్దగా మారదు. అందుచేత చక్రాల దగ్గర పని రెట్టింపైనా ట్యాంకులో ఖర్చు రెట్టింపు కాదు. 12కు 8 అనే నిష్పత్తి ఈ లెక్కకు చక్కగా సరిపోయింది.

మేము ఇంకా పట్టు విడువక, అనంతపురం కర్నూలు కంటె ఎత్తున ఉన్నది గదా, అది కారణం కాదా అన్నాము. ఎత్తు తేడా సుమారు 60 మీటర్లు. మధ్యలో మెట్టలున్నా అవి రెండువైపులా ఒకటే. ఆ 60 మీటర్లు ఎక్కడానికి పట్టే పెట్రోలు లీటరులో ఎనిమిదవ వంతుకు మించదు. దిగేటప్పుడు కలిసివచ్చేది కూడా అంతే. రెండూ కలిపినా తేడా పావు లీటరు. బంకులో ట్యాంకు నింపడంలో అర లీటరు అటు ఇటు కావచ్చును. మిగిలినదంతా గాలిదే.

పరీక్ష

లెక్క కాగితం మీద ఒప్పుకొన్నా, మనిషి మీద వేసిన మచ్చ కాగితంతో పోదు. వారం తరువాత విద్యార్థులను తీసుకొనిరావడానికి కారు వెళ్లినప్పుడు మేము, భౌతికశాస్త్ర ఉపన్యాసకులు అందులో కూర్చున్నాము. క్యారియర్ విప్పించినాము. టైర్లలో గాలి సరిచూపించినాము. 70 కిలోమీటర్లు దాటవద్దని డ్రైవరును కోరినాము. పోయేటప్పుడు కారులో ముగ్గురమే, సామాను లేదు, 9.5 లీటర్లు పట్టినది. వచ్చేటప్పుడు ఐదుగురము, నమూనాలు విడదీసి డిక్కీలో సర్దినాము, 7.5 లీటర్లు పట్టినది. బరువు తక్కువగా ఉన్నప్పుడు ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువగా ఉన్నప్పుడు ఖర్చు తక్కువ! ఆ రోజు గాలి మొదటి రోజంత బలంగా లేకపోయినా తన దిక్కు మార్చుకొనలేదు. మొత్తం 20 లీటర్ల ప్రయాణం 17 లీటర్లతో ముగిసింది. వేగం తగ్గించినందుకు ఒక్కొక్క వైపు పదహారు, పదిహేడు నిమిషాలు ఆలస్యమయింది. అంతే.

ఆ రాత్రి మేము లాగ్ బుక్కులోని ప్రశ్నార్థకాన్ని కొట్టివేసి, పక్కన "ఎదురుగాలి, పైసామాను" అని వ్రాసి సంతకం చేసినాము. డ్రైవరు సంతకం పెట్టే చోట అతడు చాలాసేపు ఆ మాటలవైపు చూచి, "మీరు రాసినారు గాబట్టి నమ్ముతారు సార్, నేను చెప్తే ఎవరు నమ్మినారు?" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట ఉన్నట్లు అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

గమనింపదగినవి

విద్యార్థి మిత్రులు, పాలకవర్గ సభ్యులు ఈ కొద్ది విషయాలు గుర్తుంచుకొనాలని మా మనవి. రహదారిపై 100 నుండి 80కి వేగం తగ్గించడమే అన్నిటికంటె చౌకైన పొదుపు. అవసరం లేనప్పుడు క్యారియర్ విప్పివేయాలి; ఖాళీ క్యారియర్ కూడా పెట్రోలు త్రాగుతుంది. సామాను సాధ్యమైనంత వరకు లోపలనే సర్దాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజు వేగం మరికొంత తగ్గించడం మంచిది. పెద్ద లారీ వెనుక దగ్గరగా పోతే గాలి తగలదని కొందరు చేసే పని ప్రాణాంతకం; మిగిలే పెట్రోలు ఆ ప్రమాదానికి సరితూగదు. దిగుడులో న్యూట్రల్ వేయడం కూడా అట్టిదే. నేటి కార్లలో గేరులో ఉండి కాలు తీస్తే ఇంజనుకు ఇంధనం తనంతట తానే ఆగుతుంది.

ఇక పాలకవర్గానికి ప్రత్యేకంగా ఒక మాట. లాగ్ బుక్కులో కిలోమీటర్లు, లీటర్లు అనే రెండు గడులు మాత్రమే ఉన్నవి. ప్రయాణపు దిక్కు, సామాను, వేగం, గాలి అనే నాలుగు గడులు అదనంగా చేర్చవలసిందిగా కోరుతున్నాము. ఒక వైపు ప్రయాణం చూచి ఎవరినీ నిందించకుండా, ఒకే దారిలో అనేక ప్రయాణాల సగటు చూడాలి. పొదుపు చేయడం ఎంత అవసరమో, పొదుపు పేరున ఒకరి నిజాయితీని తక్కువ తూచకుండా ఉండడం అంతకంటె అవసరం.

గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలని మన పెద్దల సామెత. కళ్లంలో నిలబడిన రైతుకు గాలి ఎటునుండి వీస్తున్నదో, ఎంత బలంగా వీస్తున్నదో, గింజ ఎక్కడ పడుతుందో, పొట్టు ఎక్కడికి పోతుందో తెలుసు. స్టీరింగు పట్టుకొన్న మనిషికి కూడా అది తెలుసు. తెలియనిది బల్లముందు కూర్చుని ఎఱ్ఱసిరా కలం పట్టుకొన్న మాకు.